లొంబోక్ పల్లెలో కాపురం, కౌలు స్థలం: దిగే ముందు ఏమేం చూసుకోవాలి

బెరుగాక్ అంటే నాలుగు స్తంభాల మీద మోకాలెత్తున వేసిన చెక్క తట్టు, పైన గడ్డి కప్పు. మన అరుగుకీ పొలంలో మంచెకీ మధ్యరకం. ఇండోనేసియాలో, లొంబోక్ ద్వీపం తూర్పు పల్లెల్లో ఏ బేరమైనా దాని మీదే మొదలవుతుంది. స్థలం ఆసామి మిమ్మల్ని కూర్చోబెడతాడు. మడ్డి అడుక్కి దిగని కాఫీ గ్లాసు ముందు పెడతాడు. పిల్లలెంతమందని అడుగుతాడు, వానల సంగతి చెప్తాడు. ఆఖర్న, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆరెకి ఏడాదికి రెండు జుతా, తెరిమా బెర్సీహ్" అంటాడు.

ఆ ఒక్క మాటలో నాలుగు సంగతులున్నాయి. ఆరె అక్కడి కొలత. జుతా అంటే పది లక్షల రుపియాలు. 'ఏడాదికి' అన్నాడంటే అమ్మడం లేదు, కౌలుకిస్తున్నాడు. 'తెరిమా బెర్సీహ్' అంటే 'నా చేతిలో నికరంగా ఇంత పడాలి' అని, అంటే పన్నులు మీ నెత్తినే. మొదటి మూడూ నాకు ఆ రోజే అర్థమయ్యాయి. నాలుగోది నోటారిస్ (ఒప్పందం రాసే నోటరీ) బిల్లు చూశాక అర్థమైంది.

బాలి ధరలు చూసి బెదిరి, జలసంధికి ఇవతలున్న లొంబోక్ వైపు చూసే మనవాళ్ళు కొందరు నన్ను అడుగుతున్నారు. జకార్తాలో, సింగపూర్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళు, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎక్కడినుంచైనా పని చేసుకోగలిగినవాళ్ళు. నేను సురబయ మిల్లులో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవులకని వెళ్ళి, తర్వాత నెలల తరబడి ఉన్నది తెతెబాతు చుట్టుపక్కల. రింజానీ అగ్నిపర్వతం (3,726 మీటర్లు) దక్షిణపు వాలులో, సికుర్ మండలంలో, వరి మళ్ళ మధ్య ఉన్న ఊరది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల పోటీకి ఇండోనేసియా పంపిన మూడు ఊళ్ళలో ఇదొకటి. బహుమతి జావాలోని న్గ్లాంగెరాన్‌కు వెళ్ళింది గానీ, ఆ పేరు వినపడ్డాక స్థలాల బ్రోకర్లకు మాత్రం పండగే అయింది. వాళ్ళను అక్కడ మకలార్ అంటారు.

మొదటి పని: మన లెక్కల్లోకి మార్చుకోండి

ఒక ఆరె 100 చదరపు మీటర్లు. మన గజాల్లో దాదాపు 120, సెంట్లలో రెండున్నరకు కొంచెం తక్కువ. నలభై ఆరెలు దాటితే ఎకరం. మన రూపాయికి 190 రుపియాల దగ్గర వస్తాయి (ఇది మారుతుంటుంది, మీరు వెళ్ళే రోజు చూసుకోండి). కాబట్టి 500 జుతా అనగానే గుండె పట్టుకోకండి, మన 26 లక్షల చిల్లర. మిలియార్ అంటే 100 కోట్ల రుపియాలు, అది మన యాభై రెండు లక్షలు. ఫోన్లో ఈ మార్పిడి చూసుకుంటూ బేరం ఆడితే ఎదుటివాడికి మీరు కొత్తవారని తెలిసిపోతుంది. నాలుగు అంకెలు నోటికి పట్టించుకుని వెళ్ళండి.

రెండో పని: మీకు రానిదేమిటో ముందే తెలుసుకోండి

ఇండోనేసియా భూమి చట్టం 1960లో వచ్చింది, ఐదో నంబరు చట్టం. అక్కడ 'హక్' అంటే మన హక్కే, అదే అరబ్బీ మాట రెండు చోట్లకూ వచ్చింది. 'హక్ మిలిక్' సంపూర్ణ యాజమాన్యం, కొడుకులకూ మనవలకూ పోయేది. అది ఇండోనేసియా పౌరులకే. మీ చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టయినా అమెరికా పాస్‌పోర్టయినా తేడా లేదు. చట్టాన్ని తప్పించుకుని మీ పేరు మీదికి మార్పించుకుంటే ఆ లావాదేవీ చెల్లదు, నేల ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగే వీలు కూడా లేదు.

'హక్ పకాయ్' అని ఇంకోటుంది, వాడుకునే హక్కు. ఇల్లు కోసం విదేశీయులకిస్తారు: 30 ఏళ్ళు, ఆపైన 20 ఏళ్ళ పొడిగింపు, తర్వాత ఇంకో 30 ఏళ్ళకు తిరిగి ఇవ్వడం. వినడానికి బాగుంది. కానీ ప్రావిన్సును బట్టి కనీస ధర ఉంటుంది. బాలిలో ఇల్లు కనీసం 5 మిలియార్లది కావాలి, మన లెక్కలో రెండున్నర కోట్ల పైమాట. పల్లెలో గుడిసె లాంటి ఇల్లు కట్టుకుందామనుకునే మనిషికి ఈ దారి కాదు.

మిగిలింది కౌలు. దాన్ని వాళ్ళు 'సేవా' అంటారు. సంస్కృతం సేవే ఓడలెక్కి వెళ్ళి అద్దెగా మారింది. ఇలాంటి మాటలు అక్కడ అడుగడుగునా తగులుతాయి. 'సక్సి' అంటే సాక్షి, 'అహ్లి వారిస్' అంటే వారసులు, 'కెపాలా దేసా' అంటే గ్రామపెద్ద. ఆ కెపాలా మన కపాలమే. మాట తెలిసినట్టే ఉంటుంది, అర్థం కాస్త పక్కకు జరిగి ఉంటుంది. అందుకే తెలిసిందనుకున్న మాటనే రెండోసారి అడగండి.

మకలార్ ఇక్కడ ఒక చిట్కా చెప్తాడు: "ఊళ్ళో నమ్మకమైన మనిషి పేరు మీద కొనండి, వెనకాల మీ పేరుతో కాగితం రాయిస్తాను." మనకిది బినామీ. అక్కడ నోమినీ అంటారు. కాగితం ఎంత చిక్కగా రాయించినా కోర్టులో నిలబడేది కాదు, ఎందుకంటే అది పుట్టిందే చట్టాన్ని తప్పించడానికి. ఆ నమ్మకమైన మనిషి నిజంగా మంచివాడే కావచ్చు. అతను పోయాక అతని ముగ్గురు కొడుకులకు మీరెవరు? ఈ సలహా ఇచ్చిన మనిషి దగ్గర మిగతా ఏ సలహా తీసుకోకండి.

ఇండోనేసియా పౌరుల్ని పెళ్ళి చేసుకున్నవాళ్ళకూ ఒక చిక్కుంది. ఆస్తులు వేరువేరని ఒప్పందం రాసుకోకపోతే, భార్య కొన్న నేల ఇద్దరిదీ అవుతుంది, ఇద్దరిలో ఒకరు విదేశీ కాబట్టి ఆమె హక్ మిలిక్‌కూ ఇబ్బందే. ఆ ఒప్పందం పెళ్ళికి ముందే ఉండాలన్న నిబంధనను రాజ్యాంగ న్యాయస్థానం 2016లో సడలించింది, ఇప్పుడు పెళ్ళయ్యాక కూడా రాసుకోవచ్చు.

మూడో పని: సంతకం కంటే ముందు రెండు కాలాలు ఉండి చూడండి

భారతీయులకు దిగాక ఇచ్చే వీసా ఉంది. 5 లక్షల రుపియాలు, 30 రోజులు, ఒకసారి ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. అది చూసి రావడానికి చాలు. బయటి దేశపు కంపెనీకి పని చేసుకుంటూ ఏడాది ఉండాలంటే వేరే వీసా ఉంది, దానికి సంవత్సరాదాయం 60,000 డాలర్లు చూపించాలి. ఈ రెంటిలో ఏ వీసా అయినా, అది ఊళ్ళో వ్యాపారం చేసుకునే అనుమతి కాదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ఒకసారి జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్ళండి. వానాకాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మీకు చూపించిన ముచ్చటైన మట్టిబాట అప్పుడు కాలువవుతుందో లేదో కనిపిస్తుంది, ఫోను సిగ్నల్ వానలో నిలుస్తుందో లేదో తెలుస్తుంది. ఇంకోసారి సెప్టెంబరులో వెళ్ళండి, నీళ్ళు అడుగంటే రోజుల్లో. ఆ రోజుల్లోనే ఇంకోటి తెలుస్తుంది. తూర్పు లొంబోక్‌లో వరి కోశాక ఎండాకాలం పంట వర్జీనియా పొగాకు. మాది కందుకూరు వైపు కాబట్టి మొదటిసారి అక్కడ బస్సు దిగగానే ముక్కు గుర్తుపట్టింది: పొగాకు బ్యారన్ వాసన. పొడుగాటి ఇటుక గది, లోపల కర్రలకు గుచ్చిన ఆకు, కింద నిప్పు, బయట నిద్రలేని మనిషి. వాళ్ళు ఓవెన్ అంటారు, మిగతాదంతా మన ప్రకాశం జిల్లానే. నాకది ఇంటి వాసన. మీ పిల్లాడికి ఉబ్బసం ఉంటే మాత్రం, ఆగస్టు, సెప్టెంబరు పొగ ఎటు వీస్తుందో చూడకుండా స్థలం తీసుకోవద్దు.

దిగిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఊరి మొగలో బోర్డు కనిపిస్తుంది: అతిథి 24 గంటల్లో రిపోర్టు చేయాలని. మీరున్న ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని, దుసున్ (ఊళ్ళో ఒక వాడ) పెద్ద, కెపాలా దుసున్, ఇంటికి పాస్‌పోర్టు జిరాక్స్ తీసుకుని వెళ్ళండి. చేతిలో పంచదార పొట్లమో కాఫీపొడో ఉంటే బాగుంటుంది. ఈ పదిహేను నిమిషాల పరిచయం తర్వాత సరిహద్దుల దగ్గర తగాదా వచ్చినప్పుడు పనికొస్తుంది. ఆ పెద్ద సాక్షి సంతకం మీకు కావలసినప్పుడు, ముఖం తెలిసిన మనిషిగా వెళ్తారు.

నాలుగో పని: ఊరితో కలవడం

తెల్లారి రోడ్డెక్కితే ప్రతి ఒక్కరూ "మావు కె మానా?" అని అడుగుతారు, ఎక్కడికి అని. మన దగ్గర బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే అపశకునం, వెనక్కొచ్చి కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ వెళ్తాం. అక్కడది నమస్కారం. "జలాన్-జలాన్" అంటే చాలు, ఊరికే అలా అని.

లొంబోక్‌కు వెయ్యి మసీదుల ద్వీపమని పేరు. పొద్దున నాలుగున్నర, అయిదు మధ్య మైకు మోగుతుంది, రంజాన్ నెలలో అంతకంటే ముందే. దాని గురించి ఫిర్యాదు చేయాలనే మనసుంటే ఈ ఊరు మీకు కాదు. లొంబోక్ స్థానిక జనం ససాక్ వాళ్ళు. మెత్తని మనుషులు, మొహమాటస్తులు. 'లేదు' అని మొహం మీద అనరు, 'బెలుం' అంటారు, ఇంకా లేదని. "స్థలానికి సర్టిఫికెట్ ఉందా?" అంటే "బెలుం" అన్నాడంటే, లేదు, బహుశా రాదు కూడా.

పెద్దవాళ్ళను పాక్ (మగవాళ్ళయితే), బు (ఆడవాళ్ళయితే) అనండి. ఇంకా దగ్గరైతే అమాక్, ఇనాక్ — అంటే నాన్న, అమ్మ — అని పెద్ద పిల్లల పేరు కలిపి పిలుస్తారు, మన పల్లెల్లో 'సుబ్బడి వాళ్ళమ్మ' అన్నట్టు. మా పక్కింటి ముసలమ్మను అందరూ పాపుక్ అనేవాళ్ళు, నాయనమ్మ అని. మేమూ అదే అన్నాం. ఆమె అసలు పేరు నాకిప్పటికీ తెలియదు.

చావుకు వెళ్ళాలి. దాన్ని బెలాంగర్ అంటారు. ఓ గిన్నెడు బియ్యం, కొంత డబ్బు తీసుకుని వెళ్ళి కాసేపు కూర్చుని వస్తారు. పెళ్ళి విందును బెగావే అంటారు. నలుగురు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే పద్ధతి బెగిబుంగ్. శాకాహారులు ముందే చెప్పుకోవాలి. ప్లెచింగ్ కాంగ్‌కుంగ్ అనేది ఉడికించిన తూటికూర మీద టమాటా, మిరప కారం. చూడగానే మన పచ్చడి అనుకుంటారు, కానీ అందులో ఎండురొయ్యల ముద్ద తెరాసీ ఉంటుంది. "తన్పా తెరాసీ" అనాలి. మునగాకు పులుసులా చేసుకుంటారు, గుండ్రటి పచ్చివంకాయ ముక్కలు కారంలో కలిపి బెబెరుక్ చేస్తారు, టెంపే, టోఫు సంతలో దొరుకుతాయి. పెసలు ఎక్కడైనా దొరుకుతాయి. కందిపప్పు మాత్రం మీరే మోసుకెళ్ళాలి.

వైద్యానికి మండలంలో పుస్కెస్మాస్ ఉంటుంది. అంతకు మించితే సెలోంగ్‌లో జిల్లా ఆసుపత్రి, ఇంకా పెద్దదైతే గంటన్నర దూరంలో మతరం. అరవై దాటి గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఆ గంటన్నరను మర్చిపోవద్దు. బళ్ళు ఇండోనేసియా భాషలోనే. చదువుకునే పిల్లలుంటే పల్లె కాపురం సెలవుల వరకే అనుకోండి.

అయిదో పని: నేల చూడటం కాదు, నేల వెనక మనుషుల్ని చూడటం

ఇక్కడ తొందరపడితే మిగతా అన్ని పనులూ వృథా.

ముందు కాగితం. మీకు కావలసింది హక్ మిలిక్ సర్టిఫికెట్, భూమి శాఖ ఇచ్చినది. ఆ శాఖను బే-పే-ఎన్ అంటారు. దాని బదులు గిరిక్ అనో, పిపిల్ అనో, స్పొరాదిక్ అనో, లేదా పన్ను నోటీసు (ఎస్-పే-పే-తే) చూపిస్తారు. మొదటి రెండూ పాత పన్ను కాగితాలు. స్పొరాదిక్ 'ఈ నేల నా అనుభవంలో ఉంది' అని తనకు తాను రాసుకున్న ప్రకటన. పన్ను కట్టినంత మాత్రాన నేల తనదని కాదు, మన ఊళ్ళో ఇంటిపన్ను రసీదు చూపించి ఇల్లు అమ్మబోయే బాపతే. 2021 నాటి నిబంధన గిరిక్ లాంటి పాత కాగితాల విలువకు 2026 ఫిబ్రవరి దాకానే గడువు పెట్టింది. 2017 నుంచి ప్రభుత్వం ఊరూరా పెద్ద ఎత్తున నేల రిజిస్టరు చేసి సర్టిఫికెట్లు ఇస్తోంది. అది అయ్యేదాకా ఆగమని ఆసామికి చెప్పండి. ఆగనంటే వదిలేయండి.

సర్టిఫికెట్ ఉంటే, భూమి శాఖ వాళ్ళ 'సెంతుహ్ తనాహ్‌కు' యాప్‌లో ఆ స్థలం ఎక్కడుందో చూసుకోవచ్చు. అది చూపించే గీతలకూ ఆసామి కాలితో చూపించే గట్లకూ తేడా ఉంటే అప్పుడే అడగండి. అసలైన తనిఖీ భూపత్రాల అధికారి (పే-పే-ఆ-తే) చేస్తాడు. సర్టిఫికెట్ నిజమైనదా, బ్యాంకులో తాకట్టులో ఉందా, కోర్టు గొడవ ఉందా అన్నది శాఖ రికార్డులో చూస్తాడు. దానికి ప్రభుత్వ రుసుము 50,000 రుపియాలు, మన మూడు వందల లోపు. ఆ మూడు వందలు మిగుల్చుకుందామనుకునే మనిషి ఇంతదూరం రాకపోవడమే మేలు.

తర్వాత వారసులు. తూర్పు లొంబోక్ నుంచి వేలమంది మలేసియా తోటల్లోకీ గల్ఫ్‌కీ పనికి వెళ్తారు. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెలు తెలిసినవాళ్ళకు ఆ ఊళ్ళు చూడగానే అర్థమవుతాయి: సగం కట్టిన రెండంతస్తుల ఇల్లు, లోపల ముసలి తల్లి, గోడకు వేరే దేశపు క్యాలెండరు. నేల తండ్రి పేరు మీదే ఉండిపోతుంది, తండ్రి పోయి పదేళ్ళయి ఉంటుంది, ఊళ్ళో మిగిలిన కొడుకే మీతో బేరమాడతాడు.

నేను ఇక్కడే దెబ్బతిన్నాను. పక్క ఊళ్ళో ఎనిమిది ఆరెల ముక్క, మధ్యలో పెద్ద పనసచెట్టు, దిగువన మడి. చెట్టు చూసి మనసు పడ్డాను. బెరుగాక్ మీదే 10 జుతాలు 'తాందా జాది' ఇచ్చేశాను, అంటే బయానా. రసీదు నోటుపుస్తకం చింపిన కాగితం. వారం తిరక్కుండా మలేసియాలోని జొహొర్ నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర మీద పామాయిల్ తోట, ఎండలో చెమటతో ఒక మనిషి. మూడో అన్నదమ్ముడు. అరవలేదు, తిట్టలేదు. "పాక్, నా వాటా నేనింకా ఇవ్వలేదు" అన్నాడు, అంతే. తప్పు అతనిది కాదు. ఊళ్ళో ఉన్న తమ్ముడు కూడా మోసగాడు కాదు, అన్న ఒప్పుకుంటాడనుకున్నాడు. నా 10 జుతాలు నాలుగు విడతల్లో తిరిగొచ్చాయి, ప్రతి విడతతో ఒక అరటిగెల. ఇంకో మనిషైతే గెలలే వచ్చేవి, డబ్బు వచ్చేది కాదు.

కాబట్టి: సూరత్ కెతెరాంగాన్ వారిస్, అంటే వారసుల ధ్రువపత్రం చూడండి. అందులో ఉన్న ప్రతి పేరూ సంతకం పెట్టాలి, ఆడపడుచులు కూడా. విదేశంలో ఉన్నవాళ్ళు అక్కడి ఇండోనేసియా కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి. "అన్న ఫోన్లో ఒప్పుకున్నాడు" అన్న మాటకు బయానా ఇవ్వకండి.

మూడో ప్రశ్న: ఇప్పుడు ఈ నేలను దున్నుతున్నదెవరు? ఆసామి కాకపోతే పాలుకి చేస్తున్నవాడైనా అయుండాలి, గదాయ్ పట్టినవాడైనా అయుండాలి. గదాయ్ అంటే మన భోగ్యం తాకట్టు: డబ్బిచ్చి నేల అనుభవిస్తాడు, డబ్బు తిరిగిచ్చేదాకా వదలడు. నిజానికి 1960 నాటి ఇంకో చట్టం ప్రకారం సాగుభూమిని ఏడేళ్ళు అలా అనుభవించినవాడు పైసా అడక్కుండా తిరిగివ్వాలి. పల్లెలో ఆ చట్టం పట్టుకుని మీరు వాదనకు దిగలేరు. దున్నేవాడితో విడిగా, అతని ఇంటికెళ్ళి మాట్లాడండి.

నాలుగోది నీళ్ళు. మడుల నీళ్ళను పంచేవాడు పెకాసిహ్. మన నీరుకట్టు మనిషి లాంటివాడు. కాలువ మీ స్థలం గుండా వెళ్తుంటే దాన్ని మూయలేరు, మళ్ళించాలన్నా అతన్ని అడగాలి. ఇంటికి నీళ్ళు కొండ ఊట నుంచి పైపులో వస్తాయి. ఆ పైపు ఎవరి పొలాల్లోంచి వస్తోందో దాని వెంట నడిచి చూడండి. నేను చూసినచోట ఒకటే ఊట, పదకొండు పైపులు, దారాలతో కట్టి.

అయిదోది దారి. బాట వేరేవాళ్ళ నేలలో ఉంటే అది మాట మీద ఉన్న దారి. ఆ మనిషి కూడా మీ ఒప్పందంలో సంతకం పెట్టాలి.

ఆఖరిది జోన్. పచ్చటి మడి మధ్యలో ఇల్లు అందరికీ ముచ్చటే. అది 'రక్షిత వరిభూమి'లో పడితే అక్కడ ఇంటికి అనుమతి రాదు. జిల్లా కార్యాలయంలో తాతా రువాంగ్ విభాగాన్ని, అంటే ప్లానింగు వాళ్ళను, రాతపూర్వకంగా అడగండి. "పక్కవాడు కట్టాడుగా" అని ఆసామి చూపిస్తాడు. పక్కవాడు ఊరివాడు. మీరు కారు.

ఆరో పని: ఒప్పందం రాయించడం

నోటారిస్ దగ్గర రాయించండి. ఆ నోటారిస్ మకలార్ చెప్పినవాడు కాకుండా, మీరు ఎంచుకున్నవాడైతే మంచిది. కాగితం ఇండోనేసియా భాషలో ఉండి తీరాలి, 2009 నాటి భాషా చట్టం అలా చెప్తుంది. ఇంగ్లిషులో మాత్రమే ఉన్న ఒక రుణ ఒప్పందాన్ని 2013లో పశ్చిమ జకార్తా కోర్టు చెల్లదని కొట్టేసింది. రెండు భాషల్లో పక్కపక్కన రాయించుకోండి. ధర రుపియాల్లోనే ఉండాలి, డాలర్లలో వద్దు.

ఎన్నేళ్ళు? పాతిక అంటారు మామూలుగా. మొత్తం ముందే కట్టమంటారు. పొడిగింపుకు 'అప్పటి మార్కెట్ ధర' అని రాస్తే అది పొడిగింపు కాదు, కొత్త బేరం. ఎంత పెరగాలో ఇప్పుడే సూత్రం రాయించండి. అద్దె మీద పది శాతం పన్ను ఆసామి ఆదాయపు పన్ను. 'తెరిమా బెర్సీహ్' అన్నాడంటే దాన్ని మీ మీదికి తోసినట్టే, బేరంలో ఆ పది శాతాన్ని కలిపే లెక్కేసుకోండి. ఆసామి నేల వేరేవాడికి అమ్మినా కౌలు తెగదని వాళ్ళ సివిల్ కోడ్‌లో ఉంది. అయినా ఒప్పందంలో రాయించండి. ఆసామి చనిపోతే వారసులు కట్టుబడాలని, మీరు చనిపోతే మీ వారసులకు మిగిలిన ఏళ్ళు వస్తాయని, మధ్యలో ఇంకొకరికి బదిలీ చేసుకోవచ్చని కూడా.

మనకు కొత్తగా ఉండే ఒక సంగతి: అక్కడి ఆచారంలో నేల వేరు, నేల మీదున్నది వేరు. ఇల్లు మీదీ నేల అతనిదీ కావచ్చు. కౌలు ముగిశాక ఇల్లు ఎవరిది అన్నది కాగితంలో రాసినదాన్ని బట్టే. చాలావాటిలో ఆసామికి పోతుందని ఉంటుంది. ఉండనివ్వండి, కానీ తెలిసి ఒప్పుకోండి.

ఏడో పని: కట్టడం

2018 జులై 29న 6.4, ఆగస్టు 5న దాదాపు 7 తీవ్రతతో భూకంపాలు, ఆగస్టు 19న మళ్ళీ పెద్దది. లొంబోక్‌లో 500 మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఉత్తరాన. కూలినవాటిలో చాలా ఇళ్ళు ఇనుము లేని ఇటుక గోడలవి. మేస్త్రీకి మూడు మాటలు చెప్పండి: స్లూఫ్, కోలోం, రింగ్ బాలోక్. పునాది మీద బెల్టు, మూలల్లో స్తంభాలు, గోడల పైన చుట్టూరా ఇంకో బెల్టు. ఈ మూడింటి చువ్వలు ఒకదానిలో ఒకటి వంగి కలవాలి. కాంక్రీటు పోసే ముందు మీరే వెళ్ళి ఆ మూల చూడండి, పోశాక చూడటానికేమీ ఉండదు. పైకప్పు బరువు పెట్టకండి. రెండంతస్తుల మోజు మానుకోండి. కట్టడానికి అనుమతిని ఇప్పుడు పే-బే-గే అంటారు, పాత పేరు ఐ-ఎం-బే.

కరెంటు మీటరు 900 వీఏదైతే అది నాలుగు ఆంపియర్లే. ఇడ్లీపిండి గ్రైండరు తిరుగుతుంటే రైస్ కుక్కర్ పెట్టారా, ఇల్లంతా చీకటి. 2,200 పెట్టించుకోండి. మీటరు ముందే డబ్బు కట్టేది. దుకాణంలో టోకెన్ కొంటే ఇరవై అంకెల నంబరిస్తారు, అది నొక్కాలి. యూనిట్లు అయిపోవచ్చినప్పుడు కీచుమంటుంది, అర్ధరాత్రి అయితే మరీ. మూడు కిలోల ఆకుపచ్చ గ్యాస్ బుడ్డి పేదలకిచ్చే సబ్సిడీది, దాని మీదే రాసుంటుంది. మీరు గులాబీరంగుది కొనండి. ఊళ్ళో ఇలాంటివి గమనిస్తారు.

ఎనిమిదో పని: డబ్బు వస్తుందా అని నిజాయితీగా లెక్కేయడం

ఉదాహరణకు పది ఆరెలు, ఏడాదికి ఆరెకి రెండు జుతాలు, పాతికేళ్ళు: 500 జుతాలు. రెండు గదుల ఇల్లు 400 అనుకుందాం. మొత్తం 900, ఏడాదికి 36 జుతాలు తరుగు. రెండు గదులూ కలిపి ఏడాదికి 120 రాత్రులు, రాత్రికి రెండున్నర లక్షల రుపియాలకు పోయాయనుకుంటే వచ్చేది 30 జుతాలు. బుకింగ్ సైట్ల వాటా, పనిమనిషి, కరెంటు, తడికి ఊడిన పెచ్చులు ఇందులోంచే. తరుగు కూడా రాలేదు. ఈ అంకెలు మీ స్థలాన్ని బట్టి మార్చుకోండి, కానీ తరుగు వేయకుండా లెక్కేసే మకలార్ మాట వినకండి. కొన్న నేల ధర పెరుగుతుంది. కౌలు ఏటా ఒక ఏడాది తరిగిపోతుంది.

పైగా ఆ రెండు గదులు అద్దెకివ్వడం మీ పని కాదు. హోంస్టే లైసెన్సు, పొండోక్ విసాతా, స్థానికుల కోసం. విదేశీయుడు వ్యాపారం చేయాలంటే విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి, దానికి 10 మిలియార్లకు పైగా పెట్టుబడి ప్రణాళిక చూపించాలి. అంతకంటే, లైసెన్సున్న ఊరి కుటుంబం తమ హోంస్టే తామే నడుపుకుంటే, మీ చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ళింట్లో దించండి. నేను చేసింది అదే. బేరం కూడా వాళ్ళతోనే కుదిరింది, ఆరు ఆరెలు, ఇరవై ఏళ్ళు. అందులో పెట్టింది మళ్ళీ రాదనే లెక్కేసుకుని పెట్టాను.

ఊరు వదిలి వెళ్ళేటప్పుడు

తాళం దుసున్ పెద్దకు కాదు, పక్కింటికివ్వండి. తడి ఊరు, వారానికోసారి కిటికీలు తీయకపోతే నెలలో పరుపుకి బూజు పడుతుంది. టోకెన్ కొనడానికి కొంత డబ్బు వదలండి. స్థలంలో ఉన్న చెట్ల సంగతి ఒప్పందంలోనే తేల్చుకోండి. నేల కౌలుకిచ్చినా కొబ్బరీ పనసా తనవేనని ఆసామి అనుకోవడం అక్కడ తప్పేమీ కాదు. మా కాగితంలో ఏడో నిబంధన: కొబ్బరి చెట్లు రెండూ ఆసామివి, కాయలు దింపడానికి రావచ్చు, ఒకరోజు ముందు చెప్పాలి. చెప్పడు. తెల్లవారుజామున కప్పు మీద ధబ్బుమంటే అతనే.